రాయపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి: మా రేవతి వచ్చిన ఆకాశం ఎంత దూరం

రాయపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఎంత దూరమని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పగలను. మ్యాపు మీద తాడు పట్టి లాగినట్టు తిన్నగా పోతే పదహారు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. కానీ నాకు తిన్నగా పోయే విమానం దొరకలేదు, కలకత్తాలో దిగి మారాను. అలా మారితే దూరం రెండు వేలవుతుంది. గాలిలో ఉండేది నాలుగు గంటలకు కాస్త తక్కువ. కలకత్తాలో కూర్చోవడం కూడా కలుపుకుంటే, పొద్దున బయలుదేరిన మనిషి మధ్యాహ్నం భోజనాలవేళకి అక్కడ ఉంటుంది. ఈ లెక్కలన్నీ ఫోన్లోనే దొరుకుతాయి. ఫోన్లో దొరకనిది ఒకటి తెలుసుకోవాలని నేను వెళ్ళాను.

మా అమ్మాయి రేవతి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసేది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది, అది మెదడుకి ఎక్కింది. మేము టికెట్లు వెతుకుతుండగానే అయిపోయింది. మా ఇంటికే తీసుకురావాలని నేను పట్టుబట్టాను. ఆసుపత్రి వాళ్ళు కాగితాలన్నీ చూసి విమానంలో పంపారు. వాళ్ళ మనుషులు ఎవరికీ ఆ విమానంలో సీటు దొరకలేదని, పెట్టె ఒక్కటే వస్తోందని చెప్పారు. మాది విజయనగరం వైపు నుంచి భిలాయి వచ్చిన కుటుంబం. మా వాళ్ళలో మనిషి పోయాక ఆ శరీరాన్ని క్షణం కూడా ఒంటరిగా వదలరు. తల దగ్గర దీపం ఉంటుంది, పక్కన ఎవరో ఒకరు మేలుకుని కూర్చుంటారు. ఇంట్లో వాళ్ళు అలసిపోతే పక్కింటి వాళ్ళు వచ్చి కూర్చుంటారు. నా కూతురు మాత్రం రెండు వేల కిలోమీటర్లు ఎవరూ పక్కన లేకుండా వచ్చింది. శివనాథ్ నదిలో అస్థికలు కలిపాక కూడా నాకు అదే ఆలోచన. ఎంతసేపు ఒంటరిగా ఉంది? ఎక్కడెక్కడ ఉంచారు? ఆ దారిలో నేను కూర్చుని చూస్తే తప్ప నా మనసు ఊరుకోదనిపించింది.

మా ఆయన స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పని చేస్తాడు, ఇంకో మూడేళ్ళ సర్వీసుంది. సెక్టర్ 6లో క్వార్టర్. నేను వెళ్తానంటే కంచం పక్కకి జరిపాడు.

"ఎల్లి ఏటి సూస్తావు? ఆకాశంలో దారికి గుర్తులుంటాయేటి?"

"సూసొస్తాను."

"నాను రాలేను. ఆ ఎయిర్‌పోర్టు గేటు మళ్ళీ నాకు సూపించకు."

టికెట్లు మాత్రం తనే తీశాడు. రానూ పోనూ కలిపి ఇరవై వేలకు కాస్త పైన పడింది. ముందుగా తీసుకుంటే ఇంకా తక్కువలో దొరుకుతాయట. రేవతి అక్కడ అద్దెకున్న ఇల్లు పైడమ్మ అనే ఆమెది. వస్తున్నానని ఆమెకి ఫోన్ చేశాను. అంతకుముందు ఆ ఊరి నంబరు కనిపిస్తే నేను ఫోన్ ఎత్తేదాన్ని కాదు. "రా అప్పా, హోటలేటి మనకి, మన ఇంట్లోనే దిగు" అంది.

ఇంకా తెల్లవారకముందే టాక్సీ వచ్చింది. భిలాయి నుంచి రాయపూర్ ఎయిర్‌పోర్టుకి గంటా గంటంబావు పడుతుంది, పద్నాలుగు వందలు తీసుకున్నాడు. నెహ్రూ నగర్ దాటేటప్పటికి రోడ్డు ఖాళీగానే ఉంది కానీ టాటీబంధ్ కూడలి దగ్గర లారీలు అడ్డం తిరిగాయి. డ్రైవర్ దుర్గ్ దగ్గరి పల్లెవాడు. ఎక్కడికని అడిగితే అండమాన్ అన్నాను.

"ఒక్కరే వెళ్తున్నారా దీదీ? తిరగడానికా?" అన్నాడు హిందీలో.

"మా అమ్మాయి ఉండేది అక్కడ."

ఉండేది అన్న మాట అతనికి అర్థమైనట్టుంది. పాటలు వింటున్నవాడల్లా రేడియో ఆపేశాడు. దిగాక నా సంచి లోపలి గేటు దాకా మోసుకొచ్చి, "మొదటిసారి ఎక్కుతుంటే చెవులు దిబ్బళ్ళు పడతాయి, నోట్లో ఏదైనా చప్పరించండి" అని చెప్పి వెళ్ళాడు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఆ మాట పనికొస్తుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. సంచిలో ఇత్తడి దీపం, వత్తులు, అగ్గిపెట్టె పెట్టుకున్నాను. తనిఖీలో ఉన్న అమ్మాయి అగ్గిపెట్టె తీసి పక్కన పడేసింది. దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పూజకా ఆంటీ?" అని ఇచ్చేసింది. అగ్గిపెట్టె, నూనె సీసా, ఊరగాయ చేతిసంచిలో పెట్టుకోకండి.

రాయపూర్ నుంచి కలకత్తాకి గంటన్నర. విమానం పరుగెత్తి నేల వదిలినప్పుడు కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పొలాలన్నీ చాపలు పరిచినట్టున్నాయి. ముప్పై ఏళ్ళు రైల్లోనే తిరిగిన దాన్ని. రైల్లో ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఇక్కడ అన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి. ఏ ఊరు ఎవరిదో తెలియదు, ఏ ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి పెళ్ళి జరుగుతోందో తెలియదు. అంతా కలిసి మంచుకింద ఒక్క నేలలా ఉంది. మేఘాల పైకి వచ్చాక సూర్యుడు ఎంత దగ్గరగా అనిపించాడంటే, కింద మనం చూసేది ఆయన మిగిల్చిన వెలుగేమో అనుకున్నాను. తలుపు తీసిన ఫర్నేసు చూస్తే రెప్ప వెయ్యలేమని మా ఆయన చెప్పేవాడు. అప్పుడు నమ్మలేదు.

కలకత్తాలో రెండున్నర గంటలు ఉండాలి. పెట్టెని కూడా ఇక్కడే మార్చి ఉంటారు. అద్దాల దగ్గర నిలబడి చూస్తే సామాను బళ్ళు వరసగా పోతున్నాయి. అక్కడ ఒక గార్డు ఉంటే హిందీలో అడిగాను, శవపేటికలు వస్తే మధ్యలో ఎక్కడ పెడతారని. అతను నా మొహం చూశాడు.

"ఎవరైనా వస్తున్నారా అమ్మా?"

"లేదు బాబూ, వచ్చి వెళ్ళిపోయింది. ఎక్కడుందో చూద్దామని."

"అది కార్గో వైపు. ఇక్కడి నుంచి కనపడదు, అటు వెళ్ళనివ్వరు. చల్లగా ఉండే గది ఉంటుంది. మనుషులు వస్తూ పోతూ ఉంటారు."

వస్తూ పోతూ ఉంటారు. కూర్చునేవాళ్ళు ఉండరన్నమాట. ఇంట్లో కట్టుకొచ్చిన పులిహోర తెరిచాను, మళ్ళీ మూసేశాను. అక్కడ టీ చాలా ఖరీదు. తినడానికి ఏదైనా వెంట తెచ్చుకోవడమే మంచిది, ఖాళీ సీసా తెచ్చుకుంటే నీళ్ళు ఉచితంగా నింపుకోవచ్చు.

కలకత్తా నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పదమూడు వందల కిలోమీటర్లు, రెండుంబావు గంటలు. అంతా నీళ్ళ మీదే. నాకు ఎడమ కిటికీ దొరికింది. లేచిన కాసేపటికి గంగ సముద్రంలో కలిసే చోటు కనిపించింది. నేను అంతకుముందు అలాంటిది చూడలేదు. ఒక నది వంద పాయలుగా చీలి, ఆ పాయలు మళ్ళీ చీలి, మధ్యలో పచ్చటి అడవి ముక్కలు, చివర బురదరంగు నీళ్ళు సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోయి, అక్కడెక్కడో నీలంలో మాయమైపోయాయి. ఎక్కడ నది ఆగిందో, ఎక్కడ సముద్రం మొదలైందో నేను కనిపెట్టలేకపోయాను. నది అయిపోలేదు, కానీ కనపడలేదు.

ఆ తర్వాత సముద్రం ఒక్కటే. కొంతసేపటికి కింద తెల్లటి మబ్బుల పొర పరుచుకుంది. దాని మీద మా విమానం నీడ చిన్న పిట్టంత, చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు. నేను కలేమో అనుకుని పక్కనున్న బెంగాలీ ఆవిడని తట్టి చూపించాను. ఆవిడ భర్తకి ఆ దీవుల్లోనే ఉద్యోగమట, ఎన్నోసార్లు వెళ్ళిందట.

"ఇన్నిసార్లు వచ్చాను, నేనెప్పుడూ చూడలేదు దీదీ. నిద్రపోతుంటాను," అని నా మీదుగా కిటికీకి మొహం ఆనించింది.

రేవతి ఈ మబ్బుల మీదుగానే వచ్చింది కదా అనుకున్నాను. కిటికీ లేని చోట, చీకట్లో. ఇంత వెలుగు పైన ఉండి ఏం లాభమని ఆ క్షణం ఆకాశం మీద కోపం కూడా వచ్చింది. కానీ కళ్ళు తిప్పుకోలేకపోయాను.

దీవులు ఎడమవైపే వచ్చాయి. మొదట ఒకటి, తర్వాత గుంపుగా. నీళ్ళు ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ నెమలి మెడరంగు. విమానం కొండల మధ్యకి దిగింది. ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం అని మార్చారు కానీ ఆటోవాళ్ళకి ఇంకా పోర్ట్ బ్లెయిరే. ఊరు వరకు వెళ్ళడానికి మన దేశస్థులకి పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ చాలు. పైడమ్మతో ఫోన్లో మాట్లాడుతూ ఆటో ఎక్కితే, నడిపే కుర్రవాడు వెనక్కి తిరిగి తెలుగులో పలకరించాడు.

"మీది సిక్కోలేటి పిన్నీ?"

"భిలాయి బాబూ."

"అదెక్కడ, పాలకొండకి ఇవతలా అవతలా?"

ఏడుస్తానేమో అనుకుంటూ దిగినదాన్ని, నవ్వొచ్చింది. వాళ్ళ తాత ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చాడట, అతను ఆ ఊరు చూడనే లేదు. సముద్రం నడిమధ్యన మా అమ్మ మాట్లాడిన మాట వినిపిస్తోంది, భిలాయిలో మా పిల్లలే మరిచిపోయిన మాట. నూట యాభై రూపాయలు తీసుకుని పైడమ్మ గుమ్మం ముందే దింపాడు.

పైడమ్మ ఇంటి ముందు వరండాలో టిఫిన్ల కొట్టు నడుపుతుంది. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని పట్టుకుంది, ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. చేపల పులుసు, చింతపండు బాగా పడిన మా వైపు పులుసు. తర్వాత రేవతి గది చూపించింది. ఇప్పుడు అందులో ఇంకో నర్సు ఉంటోంది, డ్యూటీకి వెళ్ళింది. పైడమ్మ పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె తెచ్చింది. కిటికీ గట్టు మీద దీపం వెలిగించాక నేను అన్నాను.

"చెల్లీ, దాన్ని ఒక్కదాన్నీ పంపీసినారు గదా. ఆ దారంతా సూసొచ్చినాను. ఎంత దూరమో."

పైడమ్మ నావైపు వింతగా చూసింది.

"ఒక్కదాన్నేటి అప్పా? ఎవులు సెప్పినారు?"

"పెట్టె ఒక్కటే వస్తందని ఆసుపత్రోళ్ళు అన్నారు."

"ఆసుపత్రోళ్ళకేటి తెల్సు. మా బావగారు కలకత్తా దాకా ఎంట ఎల్లినాడు గదా. అక్కడి నుంచి తోడొచ్చిన దుర్గ్ ఆయన మీకు సెప్పలేదేటి? సెప్పుంటాడనుకున్నాం, ఓలమ్మ." గుమ్మంలోకి వెళ్ళి కేకేసింది. "బావా, ఓసారి రా. రేవతోళ్ళమ్మ వొచ్చింది."

ఆమె బావగారు సన్యాసిగారు బోట్ల ఇంజన్లు బాగుచేసే మనిషి, అరవై దాటి ఉంటాయి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆయన కలకత్తాకి కంటి ఆపరేషన్‌కి వెళ్ళాల్సింది. టికెట్ ముందే తీసుకున్నాడు. అదే విమానం. పైడమ్మ ఆయన దగ్గరికి వెళ్ళి, మన పిల్ల కింద ఉంది, నువ్వు పైన ఉంటావు, కలకత్తా దాకా నువ్వే దాని మనిషివి అని అప్పగించిందట.

"మీ గుంట మాట మీదే సేసినాం అమ్మా," అన్నాడాయన. "డ్యూటీ నుంచి లేటుగా వొచ్చేది. ఇదేటే ఇంత లేటని పైడమ్మ అడిగితే ఏటనేది తెల్సా? రెండో నర్సు వొచ్చేదాకా కదలకూడదు పిన్నీ, మా భిలాయిలో ఫర్నేస్ కాడ రిలీవర్ రాకుండా మా నాన్న కాలు బయటెట్టడు, అనేది."

అది నిజం. రిలీవర్ అంటే తర్వాతి షిఫ్టు మనిషి. అతను వచ్చి, చూసి, నేనున్నాను అన్నాకే ముందున్న మనిషి వెళ్ళాలి. మా ఇంట్లో ఎన్ని పండగలకి అన్నం చల్లారిపోయిందో ఆ రిలీవర్ రాకనే. ఆ మాట నా కూతురు ఇంత దూరం మోసుకొచ్చి ఇక్కడ నాటుతుందని నాకేం తెలుసు.

"కలకత్తాలో దిగినాను," సన్యాసిగారు చెప్పాడు. "కార్గో గేటు కాడికి పోతే లోపలికి రానివ్వలేదు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూకున్నాను. రాయపూర్ ఇమానం సాయంత్రం. అప్పుడు పోయి ప్యాసింజర్ల గేటు కాడ నిలబడి, వొచ్చినోళ్ళనల్లా అడిగినాను, రాయపూరా, రాయపూరా అని. నాకు సగం మంది కనబడరు. ఒకావిడ నాను అడుక్కుంటన్నాననుకుని పది రూపాయలు సేతిలో ఎట్టింది."

"ఉంచుకున్నాడప్పా," అంది పైడమ్మ.

"టీ తాగినాను. ఆఖరికి ఒక పెద్దమనిషి, సేతిలో రసగుల్లా డబ్బా, మాది దుర్గ్ అన్నాడు. నాకొచ్చిన ఇందీలో సెప్పినాను. మా పిల్ల కింద ఉంది బాబూ, దానికి తోడు ఎవులూ లేరు, ఇక్కడి దాకా నాను తెచ్చినాను, ఇక్కడి నుంచి నువ్వు. ఆయన డబ్బా కింద ఎట్టి, నా రెండు సేతులూ పట్టుకున్నాడు. పేరేటి బిడ్డది అన్నాడు. సెప్పినాను. నా నెంబరు రాసుకుని లోపలికి పోనాడు. రాత్రి ఫోన్ సేసినాడు. వాళ్ళ నాన్న వొచ్చి దింపుకున్నాడు, నాను కళ్ళారా సూసినాను, ఇంక నాను ఎల్తున్నాను అన్నాడు. ఆ మాట ఇన్నాకే నాను పడుకున్నాను."

"మరి మీ ఆపరేషన్, అన్నయ్యా?"

"డాక్టరు తిట్టి మర్నాటికి మార్సినాడు. కన్నేటి పారిపోద్దా?"

పైడమ్మ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ దీవుల్లో సాయంత్రం అయిదు దాటేసరికే చీకటి పడిపోతుంది, వెళ్ళేవాళ్ళు తిరగడాలన్నీ పొద్దున్నే పెట్టుకోవాలి. ఆ చీకట్లోనే మా ఆయనకి ఫోన్ చేశాను. మొదటి షిఫ్టు దిగి ఇంట్లోనే ఉన్నాడు. విన్నది విన్నట్టు చెప్పాను. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం, లైను తెగిందేమో అనుకున్నాను.

"ఉన్నారా?"

"ఉన్నాను. రసగుల్లా డబ్బా అన్నావా?"

"అవును."

"సూసినాను. గేటుకి అవతల, వానలో నిలబడి మన పెట్టె కేసే సూస్తన్నాడు. ఏడిసే ఇంటిని తమాషా సూస్తన్నాడేటి ఈడు, అని తిట్టబోనాను. నీ తమ్ముడు ఆపినాడు. పెట్టె బండిలో ఎక్కించి తలుపేసినాక, అప్పుడు ఎల్లినాడు. నాను సూసినాను. ముందు ఎల్లలేదు."

"మరెందుకు సెప్పలేదు మనతో?"

"ఏటి సెప్తాడే. రిలీవర్ వొచ్చినాక ఇంక సెప్పడానికేటుంటాది, ఎల్లిపోతాడు." తర్వాత ఆయన ఏడ్చాడు. ఆ వానాకాలం నుంచి ఆయన ఏడవగా నేను వినలేదు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే ఉన్నాను, ఆయన ఆపేదాకా.

అక్కడ మూడు రోజులున్నాను. పైడమ్మ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళింది, రేవతి పని చేసిన ఆసుపత్రి బయటి నుంచి చూపించింది. తిరుగు ప్రయాణం అదే దారి, అదే రెండు విమానాలు. దూరం ఒక్క కిలోమీటరు తగ్గలేదు. కిందంతా నీళ్ళు, పైనంతా వెలుగు. వెళ్ళేటప్పుడు ఆ విశాలం చూసి ఇంత చోటులో నా బిడ్డ ఒక్కతీ అనుకున్నాను. వచ్చేటప్పుడు అదే విశాలం చూస్తే వేరేగా అనిపించింది. ఇంత ఆకాశం, ఇంత సముద్రం దాటించి, ఒకరి పేరు ఒకరికి తెలియని ఇద్దరు మనుషులు నా కూతుర్ని చేతులు మార్చుకుంటూ వాళ్ళ నాన్న దగ్గరికి చేర్చారు. దుర్గ్ ఆయన నంబరు సన్యాసిగారి పాత ఫోన్‌తోపాటు సముద్రంలో పడిపోయింది. మాది భిలాయి, ఆయనది దుర్గ్, మధ్యలో అరగంట. ఏ రోజైనా ఆయన ఇది చదివితే, రేవతి వాళ్ళ అమ్మ భోజనానికి పిలుస్తోందని తెలుసుకోవాలి.

ఇంక వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఒకటే. విమానం ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి సామాను ఎక్కించడం కనిపిస్తుంది. అందులో ఎప్పుడైనా పొడుగాటి పెట్టె ఒకటి కనిపిస్తే, అశుభమని మొహం తిప్పుకోకండి. దిగాక దాన్ని తీసుకోవడానికి వాళ్ళ వాళ్ళు వచ్చారో లేదో చూసి వెళ్ళండి. అందుకు అరగంట పడుతుంది.